గ్యాస్ గురించి మీటింగు

తునిలో పిన్ని కూతురి పెళ్లికి పుణె నుంచి వచ్చిన నా ఎమ్మెస్సీ స్నేహితురాలిని, పనిలో పనిగా మా కాలేజీలో ఒక ఉపన్యాసం ఇవ్వమని అడిగాను. అప్పట్లో నేను పెద్దాపురంలో ఫిజిక్స్ లెక్చరర్ని. తనేమో విశ్వం తొలినాళ్ల గెలాక్సీల మీద పరిశోధన చేస్తోంది. "గ్యాస్ నిండిన తొలి గెలాక్సీలు" అని పేరు పెట్టాం. ఊళ్లోవాళ్లు కూడా వస్తే బాగుంటుందని ఆటోకి మైకు కట్టించాను. మైకులో చెప్పే ఆయనకు గెలాక్సీ అన్నమాట నోరు తిరగలేదు కాబోలు, "గ్యాస్ గురించి మీటింగండీ, అందరూ రావాలి" అంటూ ఊరంతా తిరిగాడు.

హాలు నిండిపోయింది. ప్రిన్సిపాల్ గారు సంబరపడిపోయారు. మా ఊరికి సైన్సంటే ఇంత ఇష్టమా అని నేనూ పొంగిపోయాను. ఉపన్యాసం మొదలైన కాసేపటికి, ముందు వరసలో ఒళ్లో రేషన్ కార్డు పెట్టుకు కూర్చున్న పెద్దావిడ చెయ్యెత్తింది. చర్చి వీధిలో కిరోసిన్ స్టవ్ మీద ఇడ్లీలు వేసి అమ్ముతుందావిడ.

"అంతా బాగానే ఉందండి. కనెక్షన్లు ఎప్పుడు రాసుకుంటారండి?"

వెనక్కి తిరిగి చూస్తే చాలామంది చేతుల్లో రేషన్ కార్డులే. జరిగిందేమిటో లేచి చెప్పాను. ముందు ఆవిడే నవ్వింది, తర్వాత హాలంతా నవ్వింది. సగంమంది వెళ్లిపోయారు. ఆవిడ కదల్లేదు.

"మీరు ఉంటారా మామ్మగారూ?" అన్నాను.

"ఎండన పడి వచ్చానమ్మా. ఫ్యాన్ కింద కూర్చుని వింటాను, చెప్పనీ."

స్నేహితురాలు కాగితాలు పక్కన పెట్టి ఆవిడకే చెప్పడం మొదలుపెట్టింది. వెయ్యి కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి వెళితే గెలాక్సీల నిండా గ్యాసే. దాంతో నక్షత్రాలు జోరుగా పుట్టేవి. కానీ ఆ గ్యాస్‌లో బోలెడంత బయటికి ఎగిరిపోయేది.

"నక్షత్రాలకి కావలసిన సరుకేగా అది. బయటికెందుకు పోద్దమ్మా?"

"పుట్టినవాటిలో బాగా పెద్దవి తొందరగా పేలిపోతాయండి. ఆ తోపుకి చుట్టూ ఉన్న గ్యాస్ కొట్టుకుపోతుంది."

"మళ్లీ తిరిగొస్తదా?"

"కొంత వస్తుందనుకుంటున్నామండి. ఎంతన్నది మాకూ సరిగ్గా తెలీదు. నేను చేస్తున్న పని అదే."

"తెలుసుకోమ్మా మరి," అందావిడ, మనవరాలికి పని అప్పగించినట్టు.

మర్నాడు ముగ్గురం గ్యాస్ ఏజెన్సీకి వెళ్లాం. గుమస్తా నా స్నేహితురాలిని చూసి, "తమరేం చేస్తుంటారండి?" అన్నాడు.

"గ్యాస్ మీదే పని చేస్తున్నానండి."

పై ఆఫీసు మనిషనుకున్నాడో ఏమో, గబగబా కుర్చీ వేయించాడు. ఆ కుర్చీలో మామ్మగారిని కూర్చోబెట్టి పేరు రాయించాం.

కొన్నాళ్లకి కనెక్షన్ వచ్చింది. ఆ పొద్దున ఆవిడకు స్టవ్ దగ్గరికి రావడానికే భయం. అగ్గిపుల్ల నేనే గీశాను. కాలేజీకి ఆలస్యమవుతున్నా, రెండో వాయి ఇడ్లీలు దిగేదాకా అక్కడే కూర్చున్నాను.