అంచు దాటిన చేతులు

ఆ బడిలో పేర్లు నోట్లో ఉండవు, చేతుల్లో ఉంటాయి. వినికిడి లేని పిల్లల బడి అది. ఎడమ మణికట్టు మీద కుడిచేతి వేళ్లు ఆనించి స్క్రూ బిగించినట్టు తిప్పితే, అది అక్కడ మరమ్మతులు చూసే ఆమె పేరు. కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు, గంటకు బదులు వెలిగే ఎర్రదీపాలు, ఆఖరికి ఊడిపోయిన తలుపు గడియలు కూడా ఆమె నెత్తినే పడుతుంటాయి కాబట్టి పిల్లలు ఆ పేరు ఖాయం చేశారు. ఇంట్లో వాళ్లమ్మ దాన్నే నోటితో ‘స్క్రూ’ అని పిలవడం మొదలుపెట్టింది. అదే స్థిరపడిపోయింది.

తండ్రి ఆ బడిలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆయన పేరు మీసం మెలివేయడం. తల్లికీ కూతురికీ వినబడుతుంది కానీ ఆయనకు పుట్టుకతోనే వినికిడి లేదు. స్క్రూకు మాటలకంటే ముందు సైగలే వచ్చాయి. ఆయన చేతులతో కథ చెబుతుంటే ఏనుగు తలుపు పట్టక పక్కకు తిరిగి లోపలికి రావడం పిల్లలకు కనబడేది. అందుకే ఆయన ఉద్యోగంలో ఉండగానే ఆమె లైబ్రరీ గోడకు తెల్లదుప్పటి కట్టి, ఆ కథలన్నీ ఒక్కొక్కటిగా వీడియో తీసింది. మనిషి తెర నిండా కనబడాలని రెండు పక్కలా కత్తిరించింది. ఏనుగు మరీ పెద్దదైనప్పుడు ఆయన చేతులు అంచు దాటి బయటికి పోయి మళ్లీ లోపలికి వచ్చేవి. బాగానే ఉందనుకుంది.

రిటైరైన తర్వాత ఆయన చేతులకు వణుకు వచ్చింది. మాట తడబడితే వినేవాడు సర్దుకుంటాడు. వేళ్లు తడబడితే ‘నది’ అన్నది ‘పాము’ అయిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలకు ఆయన తెలిసింది వీడియోల్లోనే.

సెలవుల్లో బడి కంప్యూటర్లన్నిటికీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. తెరిచిన వారంలోనే చిన్నతరగతి టీచరు వచ్చి ఆమెను చెయ్యిపట్టుకుని లాక్కెళ్లింది. తెర మీద తండ్రి ముఖం బాగుంది. మీసంలో ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. చేతులు అంచు నుంచి లోపలికి రాగానే వేళ్లు ఆకుపచ్చ, గులాబీ రంగు గళ్లుగా చెదిరిపోతున్నాయి. ఆ గళ్లు చొక్కా మీదుగా పాకి కాసేపు అక్కడే ఉండి, ఉన్నట్టుండి మాయమవుతున్నాయి. మళ్లీ చెయ్యి కదిపితే మళ్లీ మొదలు.

ప్రిన్సిపాల్ వచ్చి చూసింది.

“ఫైళ్లు పాతబడిపోయాయేమోనమ్మా. వేరే టీచరుతో మళ్లీ తీయిద్దాం, ఏమంటావ్?”

“ఫైళ్లు బాగానే ఉన్నాయి మేడం. మా ఇంట్లో ఇవే ఆడుతున్నాయి. కొత్త డ్రైవర్‌లో ఏదో తేడా వచ్చింది.”

“ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కాకూడదు మరి,” అంది ప్రిన్సిపాల్ నవ్వుతూ. మంచి మనిషే. కొంత గడువిచ్చింది.

ఈలోగా తండ్రి ఏదో సంతకం పని మీద బడికి వచ్చాడు. తరగతి గది తలుపు దగ్గర ఆగి తెర వైపు చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకుని రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక చేతులు బయటికి తీసి, “వీడియోలు తీసేనాటికే వణుకు మొదలైందన్నమాట. నాకు తెలియలేదు,” అన్నాడు.

“నీ చేతులు కాదు నాన్నా, డ్రైవర్ తప్పు,” అని ఆమె గబగబా సైగ చేసింది.

పక్క గదిలో బట్టలు మడతపెడుతూ తలుపులోంచి సగమే చూసిన తల్లి ఏమీ అర్థం కాక కేకేసింది. “ఏంటే, ఏమంటున్నారు ఆయన?”

“బడిలో వీడియోలు చెడిపోయాయమ్మా. డ్రైవర్ వల్ల.”

“ఏ డ్రైవరే? వాణ్ణి మాన్పించేస్తే సరి!”

“మనిషి కాదమ్మా. కంప్యూటర్‌లో బొమ్మలు వేసే చిప్ ఉంటుంది కదా, దానికి ఏం చెయ్యాలో చెప్పే ప్రోగ్రాం.”

“చెప్పడం చేతకానిదాన్ని ఎందుకు పెట్టుకున్నారూ?”

ఇంటి కంప్యూటర్‌లో వీడియో పెట్టి చూపిస్తానని తండ్రిని పిలిచింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. “నా మనసు కష్టపెట్టకూడదని నువ్వు ఏదో ఒకటి చెబుతావు,” అన్నాడు. ఆమె జవాబు మొదలుపెట్టేలోపే కళ్లు మూసుకున్నాడు. చేతులతో మాట్లాడే ఇంట్లో కళ్లు మూసుకోవడమంటే ముఖం మీద తలుపు వేయడమే.

బడిలో ఆ చిప్‌ను వాడకుండా వీడియో ఆడించి చూసింది. గళ్లు పోయాయి. కానీ బడిలోవి ముసలి కంప్యూటర్లు, బొమ్మ ఆగి ఆగి నడిచింది. సైగల్లో ఆగి ఆగి నడిచేదానికి అర్థం ఉండదు. పాత డ్రైవర్‌కే తిరిగి వెళ్దామంటే, బడికి రాబోతున్న కొత్త యంత్రాల మీద అది నడవదు. ఎక్కడ చెడిందో పట్టుకోవడం తప్ప దారి లేదు.

ఆ డ్రైవర్ రాసేవాళ్లు తాము చేసిన ప్రతి మార్పునూ అందరికీ కనబడేలా వరసగా పెడతారు. పాతదానికీ కొత్తదానికీ నడుమ వందల మార్పులున్నాయి. అన్నీ చదివితే తలకెక్కవు. పొడుగాటి నీళ్ల గొట్టంలో చిల్లు ఎక్కడుందో వెతికేవాడు చేసే పనే ఆమె చేసింది. సరిగ్గా మధ్యకు వెళ్లి, ఆ మార్పు దాకా ఉన్న డ్రైవర్‌ను తయారు చేసి, యంత్రంలో పెట్టి వీడియో ఆడించాలి. బాగుంటే తప్పు ఆ తర్వాత ఉంది, చెదిరితే ముందే ఉంది. మిగిలిన సగంలో మళ్లీ మధ్యకు. డ్రైవర్ తయారవడానికి ప్రతిసారీ బోలెడంత సేపు పట్టేది. ఆ సేపట్లో ఆమె తలుపు గడియలు బిగించుకునేది.

చివరికి ఒక్క మార్పు మిగిలింది. తెరిచి చూస్తే అది శబ్దానికి సంబంధించినది. వీడియోల్లో శబ్దమే లేదు! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమోగాని, ఇక్కడ పట్టింది ఎలుకను కూడా కాదు.

తప్పు ఎక్కడ చేసిందో మర్నాడు టీ తాగుతుంటే తట్టింది. మధ్యలో ఒకసారి పెద్ద వీడియో ఎందుకులే అని బడి ఆటలపోటీల చిన్న వీడియోతో పరీక్షించింది. అది బాగా ఆడితే డ్రైవర్ బాగుందని రాసుకుంది. అక్కడి నుంచి దారి తప్పింది. మరి ఆ చిన్న వీడియో ఎందుకు చెదరలేదు? రెండింటినీ పక్కపక్కన పెట్టింది. తేడా వెడల్పులో ఉంది. తండ్రి వీడియోలు ఆమె చేత్తో కత్తిరించినవి కావడంతో వెడల్పు, చిప్ వాడే గళ్లకు సమంగా సరిపోని బేసి కొలతలో ఉంది. కెమెరా నుంచి నేరుగా వచ్చిన దానిది గళ్లకు సరిపోయే చక్కటి కొలత.

ఈసారి తండ్రి వీడియోతోనే మొదటి నుంచి నడిచింది. దొరికిన మార్పు చిన్నది. వీడియోలో ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదు. ముందు బొమ్మలోని ఏ ముక్క ఎటు జరిగిందో మాత్రమే ఉంటుంది. అంచు బయటి నుంచి లోపలికి వచ్చే ముక్కల కోసం చిప్ అంచు చుట్టూ కొంత జాగా నింపి ఉంచుకుంటుంది. పని వేగంగా సాగాలని ఎవరో ఆ నింపడాన్ని కుదించారు. కొలత చక్కగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. బేసిగా ఉంటే ఒక చీలిక నిండకుండా మిగిలిపోతుంది. అక్కడి చెత్తనే వేళ్లు మోసుకొస్తున్నాయి.

చూసినదంతా రాసి, వీడియోలోంచి చిన్న ముక్క జతచేసి డ్రైవర్ రాసేవాళ్లకు పంపింది. ఎక్కడో దూరాన ఉన్న డ్రైవర్ రాసే మనిషి, ముందు ఫైలు కత్తిరింపులోనే లోపముందేమో చూడమన్నాడు. ఆమె కత్తిరించని అసలు వీడియోను ఇంకో ప్రోగ్రాంతో అదే బేసి కొలతకు కోసి మళ్లీ పంపింది. వారం పాటు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత జవాబొచ్చింది: “నా దగ్గరా చెదిరింది. ఆ మార్పు నేను రాసిందే. క్షమించండి.” సవరణ కూడా జతచేశాడు.

సవరించిన డ్రైవర్ పెట్టిన రోజు ఆమె తండ్రిని బడికి తీసుకెళ్లి, పిల్లల వెనక బల్ల మీద కూర్చోబెట్టింది. ఏనుగు పక్కకు తిరిగి తలుపులోంచి వచ్చింది. ముందు వరసలో ఒక పిల్ల భయపడి వెనక్కి జరిగింది. ఆయన చివరిదాకా చూశాడు. కళ్లు మూయలేదు. అయ్యాక, “తొండం ఎక్కువసేపు ఊపాను. అప్పుడే ఎవరైనా చెప్పాల్సింది,” అన్నాడు.

తర్వాత దూరపు మనిషి నుంచి ఒక విన్నపం వచ్చింది. ఇలాంటి తప్పు మళ్లీ జరిగితే వెంటనే బయటపడేలా ఆ వీడియో ముక్కను తమ పరీక్షల్లో శాశ్వతంగా పెట్టుకోవచ్చా అని. డ్రైవర్‌లో ఎవరు ఏ మార్పు చేసినా ముందు అది ఆడుతుంది. ఆమె తండ్రిని అడిగింది.

“నేనేం చెబుతున్నానో వాళ్లకు తెలుస్తుందా?”

“తెలియదు నాన్నా. మనిషెవరూ చూడరు. ప్రతి చుక్కా సరిగ్గా ఉందా లేదా అని యంత్రమే చూస్తుంది.”

“నా విద్యార్థుల కంటే నయం,” అన్నాడు ఆయన. వణుకుతున్న చేత్తోనే ఒప్పుకుంటున్నట్టు సైగ చేశాడు. ఆ వణుకులో సైగ అందక తల్లి ఏమన్నాడని అడిగింది. స్క్రూ చెప్పింది. “పెట్టుకోమను, పాపం,” అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.