మడతపడ్డ చెయ్యి, రెండు కుక్కలు

"కుక్కలకు పెరుగన్నమా? ఆ పెరుగు మజ్జిగ చేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది."

"పుల్లబడ్డ పెరుగు అత్తయ్యా. మీరు తాగరు, పారబొయ్యనివ్వరు. వాటికైనా పెట్టనివ్వండి."

"తాగనని నీతో ఎవరన్నారు?"

నా కోడలు సుజాతతో వంటింటి గుమ్మంలో ఈ వాదన జరుగుతుండగానే, గొడవకు కారణమైన గిన్నెలో రెండు మూతులు దూరాయి. వాటిని తరిమి పెరటి తలుపు వేద్దామని పైగడియకు చెయ్యి ఎత్తాను. కుడి చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. ఇంకాస్త ఎత్తబోతే మెడ నుంచి మోచేతి దాకా నొప్పి మంటలా పాకింది. ఈలోపు గిన్నె ఖాళీ అయింది.

ఆ రెండింటి సంగతి చెప్పాలి. మా అబ్బాయికి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టుంది. కొట్టు వెనక పాత లారీ కింద పుట్టిన కూనలను అట్టపెట్టెలో పెట్టుకుని గుణదలలో మా ఇంటికి తెచ్చాడు. నల్లదానికి గేర్, ఎర్రదానికి క్లచ్ అని పేర్లు కూడా వాడే పెట్టాడు. తెల్లారితే గేర్ చీపురు నోట కరుచుకుని పరిగెత్తుతుంది, క్లచ్ దాని తోక పట్టుకుని పరిగెత్తుతుంది. ఆరేసిన నా చీర కొంగు రెండింటికీ ఉయ్యాల. నేను కుక్కలను ముద్దుచేసే మనిషిని కాను. అయినా ఇంట్లో అవి మాట వినేది నా ఒక్కదానిదే.

ఆ రోజు నుంచి చెయ్యి పరిస్థితి దిగజారుతూ వచ్చింది. జాకెట్టు తొడుక్కోవడం కష్టమైంది. అన్నిటికన్నా కష్టం కొప్పు. ఈ వయసులోనూ నా జుట్టు నడుము దాకా ఉంటుంది, ఊహ తెలిశాక దాన్ని ఇంకొకరి చేతికివ్వలేదు. ఇప్పుడు బడికి వెళ్లే తొందరలో ఉన్న కోడలి ముందు తల వంచుకుని కూర్చోవాల్సి వచ్చింది. సుజాత పంతులమ్మ, జడ కూడా క్రమశిక్షణగానే లాగుతుంది.

వాడని వస్తువు అరగదని నా నమ్మకం. చెయ్యి విషయంలోనూ అదే పాటించాను. పాత చీర ముక్కతో మెడకు వేలాడదీసి కట్టుకుని, ఎడమ చేత్తో నెట్టుకొచ్చాను. మా అబ్బాయి పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి చెయ్యి రొమ్ము దాకా కూడా లేవడం లేదు. ఎక్స్‌రే తీశారు, షుగర్ టెస్ట్ చేశారు.

"ఎముక బాగుందమ్మా. ఇది ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం. మీలా షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది" అన్నారు డాక్టరుగారు. "ఈ కట్టు ఎవరు కట్టమన్నారు?"

"నేనే కట్టుకున్నానండి. అరిగిపోకుండా దాచుకుంటున్నా."

"చెయ్యేమన్నా పట్టుచీరా, దాచుకోవడానికి?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. మా పుట్టిల్లు పెడనలో నేత ఇల్లు. పట్టుచీరను కూడా పెట్టెలో వేసి ఊరుకోకూడదు. అప్పుడప్పుడూ తీసి మడత మార్చాలి, లేదంటే మడత దగ్గరే జరీ విరుగుతుంది. మూడో తరగతి దాటని నాకు ఈ చదువు మాత్రం బాగా వచ్చు. చీరకు చేసింది చేతికి చెయ్యలేదు.

షుగర్ మాత్రలు మార్చారు, భుజానికి ఇంజెక్షన్ వేశారు, ఫిజియోథెరపీకి పంపారు. ఫిజియో అమ్మాయి రెండు పనులు నేర్పింది: ముందుకు వంగి చెయ్యి వదులుగా వేలాడేసి ఊపడం, గోడ మీద వేళ్లతో పైకి పాకడం. ఉత్త గోడను పట్టుకుని పాకడం నాకు పిచ్చి పనిలా తోచింది. నొప్పి కూడా ఎక్కువే. మానేశాను. చెయ్యి మళ్లీ బిగిసింది. ఇలాగే ఉంటే మత్తిచ్చి బలవంతంగా చెయ్యి కదపాల్సి రావచ్చని డాక్టరుగారు కోప్పడ్డారు.

అప్పుడే వేసవి సెలవులు మొదలయ్యాయి. జుట్టు భుజాల దాకా కత్తిరించేస్తే ఇద్దరికీ సుఖమని సుజాత అంది. నాకు పంతం వచ్చింది. "బడి తెరిచే రోజుకు నా కొప్పు నేను పెట్టుకోలేకపోతే అప్పుడు కత్తిరించు" అన్నాను.

ఆ వారంలోనే మా అబ్బాయి కుక్కలకు రబ్బరు బంతి తెచ్చాడు. మధ్యాహ్నంలోగా క్లచ్ దాన్ని చీల్చి పోగులు పెట్టింది. దండగ. చిన్నప్పుడు మగ్గం పక్కన ఆడుకోవడానికి చేసుకున్నట్టే, చీర పీలికలు ఉండచుట్టి పైన నూలు బిగించి నేనే బంతి చేశాను. ఎడమ చేత్తో విసిరితే నా కాళ్ల దగ్గరే పడింది. గేర్ బంతినీ నన్నూ మార్చి మార్చి చూసింది. నాకు రోషమొచ్చి, ముందుకు వంగి కుడి చెయ్యి ఊపి వదిలాను. బంతి పెరడంతా దొర్లింది! రెండూ దూసుకెళ్లి, తడి బండల మీద జారి, ఒకదాని మీద ఒకటి పడి, బంతి నాదంటే నాదని లాక్కుంటూ తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాయి. మళ్లీ ఊపాను. మళ్లీ తెచ్చాయి. నొప్పి ఉంది, కానీ నొప్పిని తలుచుకునే తీరిక అవి ఇస్తేనా! చాలాసేపటికి తట్టింది, ఫిజియో అమ్మాయి చెప్పిన ఊపుడు ఇదేనని.

ఆట ఆపాలంటే బంతి దాచాలి. కిటికీ చువ్వకు కడితే గేర్ ఎగిరి లాక్కుంది. గోడ వెంట వేళ్లు పాకించి ఇంకాస్త పైన మేకుకు తగిలించాను. మర్నాడు అదీ అందుకుంది. వాటికి ఎగరడం వచ్చేకొద్దీ నాకు చెయ్యి ఎత్తక తప్పలేదు. పళ్లు బిగించి ఎత్తుతుంటే కింద రెండూ తోకలాడిస్తూ మొరుగుతాయి, నేను పైనుంచి తిడతాను.

తరువాత వెళ్లినప్పుడు డాక్టరుగారు చెయ్యి ఎత్తి చూసి, ఏం చేశారమ్మా అని అడిగారు. కుక్కలతో ఆడానండి అన్నాను. నవ్వి, షుగర్ అదుపులో పెట్టుకోమని, ఆట మానొద్దని చెప్పారు. ఇప్పటికీ పొద్దున్నా సాయంత్రం పెరట్లో మా ముగ్గురి గోల వీధి చివరి దాకా వినిపిస్తుంది. నాలా బాధపడేవాళ్లకు ఒకటే చెబుతాను: నొప్పి చేసిన చేతిని మీ అంతట మీరు కట్టి దాచకండి. డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన కదలికను మీకు రోజూ తప్పని పనికి ముడిపెట్టండి.

ఇక కొప్పు సంగతి. బడి తెరిచే ముందు రోజు సాయంత్రం బంతిని తలుపు పైగడియకే తగిలించాను. గడియ కూడా వేశాను. సుజాత చూసింది.

"ముందుకెత్తడం వేరు అత్తయ్యా. కొప్పుకు చెయ్యి వెనక్కి తిరగాలి."

"రేపు చూద్దువుగాని."

మర్నాడు పొద్దున్నే లేచి తలకు నూనె రాసుకుని, దువ్వుకుని, నొప్పి ఓర్చుకుంటూ కుడి చెయ్యి తల వెనక్కి తిప్పి కొప్పు పెట్టుకున్నాను. ఎడమ పక్కకు ఒరిగింది. సుజాత దువ్వెన, కత్తెర పట్టుకుని వచ్చి నన్ను చూసి, కత్తెర తీసుకెళ్లి సొరుగులో పెట్టింది. ముందు రోజు పెరుగు పుల్లబడి ఉంది. గిన్నెలో అన్నం కలిపి గేర్‌కు, క్లచ్‌కు నేనే పెట్టాను.