మా అక్క జ్ఞానదంతం

మా అక్కా, మా దేశమూ ఒకే రోజు పుట్టారు. కోట మీద కొత్త జెండా ఎగరడం, మంత్రసాని చేతిలో అక్క కేరుమనడం ఒకే క్షణాన జరిగాయని అమ్మ చెప్పేది. జెండా తాడూ, అక్క బొడ్డుతాడూ ఎక్కడో ముడిపడి ఉంటాయి. అప్పటినుంచి రైళ్లు సమ్మె చేస్తే అక్క కాళ్లు కదిలేవి కావు. నదులు పొంగితే ఏ దుఃఖమూ లేకుండానే కళ్లు కారేవి. కాన్వెంటులో సిస్టర్లు భూగోళం పాఠానికి మ్యాపు తీసే శ్రమ కూడా పడేవారు కాదు, అక్కను బల్ల మీద నిలబెట్టేవారు.

పెద్దయ్యాక అక్క దర్జీ అయింది. మా వీధిలో ఆమె కుట్టని చొక్కా లేదు. అలాంటిది ఒక ఎండాకాలం ఆ మిషను చప్పుడు ఆగిపోయింది. దక్షిణాన సముద్రంలో ఉన్న దీవివాళ్లు వేరుపడతామన్న వారమే అక్కకు కుడి దవడ చివర జ్ఞానదంతం మొలిచింది, అదీ అడ్డంగా. బుగ్గ బంతిలా ఉబ్బింది. మంచినీళ్లు తప్ప ఏదీ గొంతు దిగలేదు. కునుకు లేదు.

బావా నేనూ ఆమెను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. అప్పటికే అక్కడ ఒక ప్రభుత్వాధికారి కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆ పన్ను ముట్టుకోకండి డాక్టరుగారూ. అది ఊడితే దీవి ఊడుతుంది."

"బాగుందండీ! దీవి మీదీ, నొప్పి మాదీనా?" అన్నాడు బావ. "ఈవిడ మూలుగు ఒక్క పూట వినండి. దీవేం ఖర్మ, రాజధాని కూడా రాసిచ్చేస్తారు."

"నువ్వూరుకోవయ్యా," అంది అక్క దవడ పట్టుకుని. అధికారి వైపు తిరిగింది. "బాబూ, నన్నడిగే పుట్టిందా ఈ దేశం? ఒక్కసారి వచ్చి చూడు."

డాక్టరు లైటు వేశాడు. అధికారి అక్క నోట్లోకి తొంగిచూశాడు. వాచిన చిగురు చుట్టూ సముద్రం. అలల మీద పడవలు. ఒడ్డున చీమలంత జనం జెండాలు పట్టుకుని ఉన్నారు. ఒక్కరూ అరవడం లేదు. అందరూ కుడి బుగ్గ పట్టుకుని మూలుగుతున్నారు.

"వీళ్లకీ నొప్పేనా?"

"మరి నాకొక్కదానికే అనుకున్నావా?"

అధికారి టోపీ తీసి, చెమట తుడుచుకున్నాడు. "పీకేయండి," అన్నాడు.

పన్ను పళ్లెంలో టంగుమని పడింది. అదే క్షణంలో పక్కగదిలో రేడియో, ఒక్క తుపాకీ పేలకుండా దీవి స్వతంత్రమైందని చెప్పింది. అక్క కుప్పకూలుతుందనీ, నేల చీలుతుందనీ మేమంతా గోడలు పట్టుకుని నిలబడ్డాం. అక్క పుక్కిలించి ఉమ్మి, "హమ్మయ్య" అంది. వెంటనే సముద్రం వైపు నుంచి అంతకంటే పెద్ద హమ్మయ్య చల్లగాలిలా వచ్చి కిటికీ రెక్కలు తోసింది.

"దీన్ని మ్యూజియంలో పెట్టిస్తానమ్మా," అన్నాడు అధికారి పన్నును దూదిలో చుడుతూ.

"ఎందుకు నాయనా, వాళ్లది వాళ్లకిచ్చెయ్," అని అక్క ఆ కుర్చీలోనే కళ్లు మూసుకుని కునుకులోకి జారింది.

బయట కూర్చున్న రోగులను రేపు రమ్మని, డాక్టరు చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.