వంటాయన వచ్చిన క్రిస్మస్

ఈమధ్య పెళ్ళిళ్ళలో అరిటాకు బొమ్మ అచ్చువేసిన కాగితాల్లో అన్నం పెడుతున్నారు. రావులపాలెం నుంచి లారీలకొద్దీ గెలలు దేశం మీదికి పోతుంటాయి, ఎటు చూసినా అరటితోటలే, మనకి మాత్రం ఆకు బొమ్మ. పులుసు పోయగానే అది మెత్తబడి బల్లకి అతుక్కుంటుంది. ఆ ఆకుపచ్చ రంగు కాస్త అన్నానికి అంటుకున్నా ఎవరూ ఏమీ అనరు. నేను అంటాను. అనగానే బంతిలో అందరూ నా వైపు చూస్తారు, పెరుగన్నం దాకా మళ్ళీ నోరెత్తను.

మా ఇంటి ముందు అసలైన అరిటాకులు బారులు తీరింది ఒక్కసారే. తొంభైల చివర్లో, క్రిస్మస్ తర్వాతి ఆదివారం. నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ సెలవులకి ఇంటికొచ్చాను.

మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. నాన్న మండలాఫీసులో గుమస్తా, అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఉద్యోగాల పుణ్యమా అని మావాళ్ళుండే పేట వదిలి రైతుల వీధిలో ఇల్లు కట్టుకున్నాం. ఎదురింటివాళ్ళు బాగా భూమి ఉన్న రైతులు. ఆ ఇంటావిణ్ణి అమ్మ ‘వదినగారూ’ అనేది. ఆవిడ అమ్మని ‘టీచరుగారూ’ అనేది. ఆ తేడా మినహాయిస్తే ఇద్దరూ అక్కచెల్లెళ్ళ కిందే లెక్క. అమ్మకి టైఫాయిడ్ వచ్చినప్పుడు పథ్యం వండి పంపింది ఆవిడే.

అయితే అన్నం కూడా కాలవ నీళ్ళలాంటిదే, పల్లానికే పారుతుంది. వాళ్ళ పండగ బూరెలు మా ఇంటికొచ్చేవి, మేము తినేవాళ్ళం. మా క్రిస్మస్‌కి అమ్మ నడుం పడిపోయేలా వండిన అరిసెలూ కజ్జికాయలూ పళ్ళెం నిండా వాళ్ళింటికి వెళ్ళేవి. ఖాళీ పళ్ళెం పంపకూడదని వాళ్ళు అరటిపళ్ళు పెట్టి తిరిగి పంపేవారు. ఆ అరిసెలు ఎటు పోతున్నాయో ఓ ఏడాది నా కంటబడింది. వాళ్ళ పెరట్లో కుడితి తొట్టిలో నానుతున్నాయి. మా వీధి మొత్తమ్మీద మాతోపాటు క్రిస్మస్ చేసుకున్నది వాళ్ళ గేదె ఒక్కటే. పళ్ళెంతోపాటు పంపే బేకరీ కేకు పెట్టెకి మాత్రం ఇబ్బంది లేదు, తిన్నగా లోపలికి వెళ్ళేది. ఈ సంగతి నేను అమ్మకి చెప్పలేదు. ఆవిడకి నాకన్నా ముందే తెలుసని తర్వాత తెలిసింది. అయినా ఏటా పళ్ళెం పంపుతూనే ఉండేది.

ఆ అరిటాకుల ఏడు మా సంఘానికి కొత్త పాస్టరుగారు వచ్చారు. మేము అయ్యగారు అంటాం. ఆయన వరుసగా భోజనం మీదే ప్రసంగాలు చేశారు. ప్రభువు బోధించిన చోట్లకన్నా భోంచేసిన ఇళ్ళే ఎక్కువేమో చూడమన్నారు. పొరుగువాడికి కరపత్రం ఇస్తే పారేస్తాడు గానీ, అన్నం పెడితే ఎవడూ పారెయ్యడన్నారు. అయ్యగారు మా వీధి గేదెని చూడలేదు.

నాన్నకి ఈ మాట పట్టుకుంది. వీధి మొత్తాన్ని భోజనానికి పిలుద్దామన్నాడు. అమ్మ నేనెప్పుడూ చూడనంత హుషారుగా ఏమేం వండాలో చెప్పడం మొదలుపెట్టింది.

“వదినగారికి గుమ్మడికాయ పులుసంటే ప్రాణం. ఒక్కసారి ఆవిడ నా ఎదురుగా కూర్చుని నా చేతి వంట తింటే చాలండి. నాకింకేం అక్కర్లేదు” అంది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. “నువ్వు వండితే ఎవరొస్తారే? పెనుగొండ వైపు నుంచి వంట బ్రాహ్మణ్ణి మాట్లాడాను.”

అమ్మ వంటలు లెక్కపెడుతున్న వేళ్ళు ముడుచుకుంది. “మనింట్లో అన్నం పెట్టడానికి మనం పనికిరామాండీ?”

“ముందు వచ్చి కూర్చోనీ. కూర్చోవడం అలవాటైతే తర్వాత నీ వంటా తింటారు. అంచెలంచెలుగా.”

నాన్న ఆఫీసులో అన్ని పనులూ అంచెలంచెలుగానే జరిగేవి. మొదటి అంచె తర్వాత ఫైలు ఏమవుతుందో ఆయనకి తెలియంది కాదు.

వంటాయన పొద్దున్నే ఇద్దరు సహాయకులతో దిగాడు. మర్యాదస్తుడు. “ఏమీ అనుకోకండి బాబూ, మీ వంటింట్లోకి రాలేమండి. వాకిట్లో పొయ్యిలు పెట్టుకుంటాం” అన్నాడు. నీళ్ళు ఎదురింటి బోరు నుంచి వచ్చాయి. సరుకులు కొట్టు నుంచి తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళాయి. గిన్నెలు అద్దెవి. ఆకులు ఎదురింటి తోటవి. మా విందులో మాది అన్నది వాకిలి ఒక్కటే. దానిమీదా ఆయన ముందుగా కళ్ళాపి చల్లించాడు.

అందరూ వచ్చారు. అమ్మ పట్టుచీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, వేరేవాళ్ళింటి పెళ్ళికి వచ్చిన మనిషిలా నమస్కారాలు పెట్టింది. అయ్యగారు క్లుప్తంగా ప్రార్థన చేశారు. పులిహోర, పనసపొట్టు కూర, మజ్జిగపులుసు, గుమ్మడికాయ పులుసు కూడా. వంటాయనది మంచి చెయ్యే. “ఉప్పు సరిగ్గా పడిందయ్యా” అని ఎవరో పెద్దాయన మెచ్చుకున్నాడు. నాన్న ఆ మెప్పు తనకే అన్నట్టు తలూపాడు.

అమ్మ తెల్లవారకముందే లేచి తన వంటింట్లో సేమ్యా పాయసం కాచిందని అప్పటిదాకా నాకు తెలియదు. గిన్నె, గరిటె పట్టుకుని బయటికొచ్చి, తిన్నగా వదినగారి ఆకు ముందుకెళ్ళి వంగింది. ఆవిడ రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టింది.

“చోటు లేదండి టీచరుగారూ. పీకలదాకా వచ్చేసింది.”

“ఒక్క గరిటె వదినగారూ.”

“నిజంగానండి.”

వెనకాలే వంటాయన మనిషి బూరెల పళ్ళెంతో వచ్చాడు. ఆవిడ చేతులు తీసింది. బూరెకి వేలితో చిల్లు పెట్టి, నెయ్యి పోయించుకుంది. బంతిలో మిగతావాళ్ళు తమ ఆకుల్లోకి చాలా శ్రద్ధగా చూసుకున్నారు. చివర్న కూర్చున్న అయ్యగారు “అమ్మా, ఇటు వెయ్యండి” అని పిలిచి, రెండుసార్లు వేయించుకు తిన్నారు. ఆయనకి షుగరు. ఆ రోజు మా వాకిట్లో జరిగిన పరిచర్య ఏదైనా ఉంటే అదే.

పేటలో ఉన్న మావాళ్ళని, చోటు చాలదని, నాన్న సాయంత్రం రమ్మన్నాడు. వచ్చారు. మిగిలిన పులిహోర తిని, వంట బ్రహ్మాండంగా ఉందని అమ్మని పొగిడి వెళ్ళారు.

మరుసటి ఆదివారం గుడిలో (చర్చిని మేము గుడే అంటాం) నాన్న లేచి సాక్ష్యం చెప్పాడు. మా వీధిలో అడ్డుగోడ కూలిందన్నాడు. ఏటా ఇలాగే చేస్తామన్నాడు. అందరూ స్తోత్రం చెప్పారు. అయ్యగారు మాత్రం పాటల పుస్తకంలో ఏదో పేజీ వెతుక్కున్నారు. స్త్రీల సమాజం వాళ్ళు అమ్మ ఆతిథ్యాన్ని మెచ్చుకుని దండ వేశారు. అమ్మ దాన్ని మెళ్ళోంచి తీసి చేతిలో పట్టుకుని ఇంటిదాకా నడిచింది. నాన్న గుడి దగ్గర ఆగిపోయాడు. వెనక నేనొక్కణ్ణే ఉన్నాను.

ఎదురింటి గేటు దగ్గర వదినగారు చాప మీద మినపవడియాలు పెడుతోంది. అమ్మ ఆగింది.

“వదినగారూ, నా పాయసం బాగుండదనుకున్నారా?”

“పాయసం సంగతి కాదని మీకూ తెలుసు కదండీ.”

“వంటాయన పెడితే తిన్నారు. తిన్నది మా వాకిట్లోనే.”

“వీధంతా తిన్నారండి. నేనూ తిన్నాను.”

“పోనీ, ఎవరూ లేకుండా మనిద్దరమే కూర్చున్న రోజులున్నాయి. ఒక్కనాడైనా నా చేతి ముద్ద తినాలనిపించలేదా మీకు?”

ఆవిడ వెనక్కి తిరిగి, వసారాలో మంచం మీద పడుకున్న అత్తగారి వైపు ఒకసారి చూసింది. వేళ్ళకి అంటిన పిండిని గిన్నె అంచుకి రాసింది.

“అనిపించకేం. మీరొక పూట పెడతారు టీచరుగారూ. మిగతా పూటలన్నీ నేను మా ఇంట్లో తినాలి కదండీ.”