గోడ గుర్తుపట్టిన నడక

ఆమెను ఆర్టిస్టు అంటే ఒప్పుకోదు. "దేహానికీ యంత్రానికీ మధ్య పనిచేసే మనిషిని" అంటుంది. ఇంట్లో మాత్రం బాతు. అడుగడుక్కీ అటూ ఇటూ ఒరిగే నడక వల్ల చిన్నప్పుడే అంటుకున్న పేరు.

ఆ నడకనే ఏళ్ల తరబడి కెమెరా ముందు నడిచి కంప్యూటర్‌కి నేర్పింది. ఇప్పుడు ఆమె అలా ఒరుగుతూ నడిస్తే చాలు, చీకటి గోడ మీద వెలుగు అలలై విచ్చుకుంటుంది. ఇంకెవరు నడిచినా గోడ ఉలకదు, పలకదు. గుమ్మం పక్కన బోర్డు: "ఈ దేహం ఎవరి వారసత్వమూ కాదు. నన్ను నేనే రాసుకున్నాను." గ్యాలరీ యజమానికి ఆ మాట అర్థం కాలేదు. అందుకే గొప్పదనుకుని ప్రదర్శనకు ఒప్పుకున్నాడు.

మొదటి సాయంత్రం హాలు నిండింది. యంత్రానికి నేర్పిన నడకను నలుగురి ముందు చూపించడానికి ఆమెకే సిగ్గేసింది. కొత్త హైహీల్స్ వేసుకుని నిటారుగా, టకటకలాడుతూ గోడ ముందు నడిచింది. గోడ నల్లగానే ఉంది. మళ్లీ నడిచింది. అప్పు అడగొచ్చిన చుట్టాన్ని చూసినట్టు గోడ ముఖం చాటేసింది.

"మౌనం మీద వ్యాఖ్యానం!" అన్నాడు ఒక విమర్శకుడు, కళ్లు అరమోడ్చి.

యజమాని ఆమె చెవిలో గొణిగాడు. "వ్యాఖ్యానం చాలు మేడమ్. ఇవాళ వెలగకపోతే రేపు ఇక్కడ సోఫాలు పెట్టి అమ్ముకుంటా."

అంతలో చేతిలో సంచితో అమ్మ వచ్చింది.

"ఏమే బాతూ! ఆ చెప్పులతో కాళ్లు బొబ్బలెక్కుతాయంటే విన్నావా? పాతవి తెచ్చాను" అంటూ జనాన్ని తప్పించుకుని, అటూ ఇటూ ఒరుగుతూ గోడ ముందు నుంచి నడిచింది.

గోడ నిండా వెలుగు పొంగింది. ఎవరో వాన నీళ్లలో వెన్నెల ఒలకబోసినట్టు. హాలంతా చప్పట్లు.

విమర్శకుడు అమ్మ ముందు వంగాడు. "ఎన్నేళ్ల సాధనండీ ఇది?"

"సాధనేమిటి నాయనా, మా అమ్మా ఇలాగే నడిచేది" అంది అమ్మ. అప్పుడు బోర్డు చదివి కూతురి వైపు తిరిగింది. "నిన్ను నువ్వే రాసుకున్నావా? మరి నేను మోసిందేమిటే, తెల్లకాగితమా?"

ఆమె బోర్డును గోడవైపు తిప్పేసి, హీల్స్ విప్పి పాత చెప్పుల్లో కాళ్లు పెట్టింది. అమ్మ వెనకే, సిగ్గు లేకుండా, ఒరుగుతూ నడిచింది. గోడ మీద రెండు అలలు లేచి కలిసిపోయాయి. ఏది ఎవరిదో నేర్పిన మనిషికే అంతుపట్టలేదు.