అవతలి సగం

పొద్దున్నే దుకాణం తెరిచి వీధిలో నీళ్లు చల్లుతాను. జనగామ దుమ్ము తడిసి ఒక వాసన లేస్తుంది. ఆ వాసనలో ఎదురుగా ఉన్న షట్టర్లు, ఆటోలు, నా స్టీలు గిన్నెల మెరుపు అన్నీ కరిగిపోయి, మా డిగ్రీ కాలేజీ వెనకాల కబడ్డీ బరి తేలుతుంది. దాని నడుమ బకెట్టు పట్టుకొని సులోచన మేడమ్ నిలబడి ఉంటారు.

ఆమె మా ఆటల టీచరు. సొంతూరు టేకుమట్ల. విజిల్ కంటే బకెట్టే ఎక్కువ వాడేవారు. నన్ను జట్టులోకి తీసుకున్న రోజు, కూతకు వచ్చిన ప్రతి పిల్ల మీదికీ నేను ముందే ఎగబడుతుంటే ఆపి, మా బాపు గిన్నెల దుకాణం గుర్తు చేస్తూ అడిగారు.

"ఏమే సరితా, గిరాకీని గడప కాన్నే పట్టుకుంటవా?"

"లేదు మేడమ్. జర లోపలికి రానిస్త. గిన్నె చేతిల పట్టుకున్నంక ఇగ ఇడువ."

"మరి గీడ గంత తొందరేంది?"

ఆ పూట నుంచి మూలన నిలబడి కాలి మడమ పట్టడం నా పనైంది. పుట్టి బుద్ధెరిగాక నా వ్యాపార బుద్ధిని మెచ్చుకున్న చదువుకున్న మనిషి ఆమె ఒక్కరే.

ఆఖరి సంవత్సరం బాపు ఒక షరతు పెట్టాడు. "యూనివర్సిటీ టీముల పేరొస్తే పీజీ చదువు, ఇష్టమున్నంత ఆడు. రాకుంటే దుకాన్ల కూసో." మా ఇంట్లో ఎదురు బేరం లేకుండా తెగిన మాట అదొక్కటే. నా మీద నాకంత నమ్మకం.

కాలేజీల పోటీ ఫైనల్ మా బరిలోనే, ఎప్పటిలాగే మహబూబాబాద్ వాళ్లతో. మా రెండు కాలేజీల పిల్లలు ఎదురుపడితే పలకరింపు కూడా సవాలులాగే ఉండేది. వాళ్ల జమున నర్సింహులపేట దగ్గరి తండా పిల్ల. కూతకు వస్తే గాలి వచ్చిపోయినట్టుండేది. యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసే వాళ్లు ఆ రోజు టెంటు కింద కూర్చున్నారు.

బరి తడపడం ఆతిథ్య జట్టు పని. మా సగం మెత్తగా తడిపి, అవతలి సగాన్ని ఎండకే వదిలేశాను. కింద పడితే చర్మం లేచిపోవాలని నా లెక్క. మేడమ్ చూశారు.

"అటు చల్లవా?"

"వాళ్ల దిక్కు గదా మేడమ్."

"సగం ఆటైనంక అటెవరుంటరే?"

బేరగాళ్ల ఇంట్లో పుట్టిన నాకు, విరామం తర్వాత జట్లు పక్కలు మారతాయన్న సంగతే తట్టలేదు! జట్టంతా పడీ పడీ నవ్వింది. నేను మళ్లీ బకెట్టెత్తి అటు నడిచాను.

రెండో సగంలో ఆ తడి మీదే నిలబడ్డాను. స్కోరు సమానం. చివరి కూత జమునది. లోపలికి రానిచ్చాను, ఇంకా రానిచ్చాను. మడమ దొరికింది. ఇద్దరం పడ్డాం. నన్ను ఈడ్చుకుంటూనే ఆమె చేయి చాచింది. సాయంత్రపు ఎర్రటి వెలుగులో ఆ వేళ్లు మధ్యగీతను తాకడం ఇప్పటికీ చాలా నెమ్మదిగా కనిపిస్తుంది.

"దెబ్బ తాకిందా అక్కా?" అంది లేస్తూ.

"లేదు. నీకు?"

"లేదు. మెత్తగున్నది."

యూనివర్సిటీ జెర్సీ ఆమెకు వచ్చింది. నాకు దుకాణం వచ్చింది. మర్నాడు మేడమ్ బకెట్టు కొనే నెపంతో మా గడప ఎక్కారు.

"ఓడినంక ఇంకేం బేరం మేడమ్?" అన్నాడు బాపు.

"సగం ఆటకే దుకాణం బంద్ చేస్తరా అన్నా?"

బాపు ఆ బకెట్టును తుడిచి తుడిచి ఆమె చేతికిచ్చాడు. ఆ యేడే పీజీకి వరంగల్ వెళ్లాను. యూనివర్సిటీ జట్టులోకి మాత్రం ఎన్నడూ రాలేదు. చదువయ్యాక ఈ దుకాణానికి నా అంతట నేనే తిరిగొచ్చాను.

ఇప్పుడు ఎదురుగా రాజన్న కూడా స్టీలు సామాన్ల దుకాణమే పెట్టాడు. నేను ఆయన గడప దాకా నీళ్లు చల్లుతాను.

"ఏందమ్మా, నీళ్లల్ల మందూ మంత్రం గిట్ల కలిపినవా?" అన్నాడు ఇవాళ.

"లేదన్నా. ఎన్నడన్న నేను అటుదిక్కు నిలవడాలె గదా."

ఆయన తల గోక్కున్నాడు. నేను తడిపిన దారినే నడుచుకుంటూ పొద్దుటి మొదటి గిరాకీ ఆయన దుకాణంలోకి వెళ్లింది. ప్రాణం ఉసూరుమంది. అయినా, బకెట్టులో మిగిలిన నీళ్లు కూడా అటే చల్లాను.