పండు డబ్బా కోసం పుప్పాలగూడ దాకా

పండూ, నీ డబ్బా కోసం పుప్పాలగూడ దాకా పోయొచ్చానే. నువ్వుంటే "అంత దూరం ఒక్కదానివే ఎట్లొచ్చినావు మా, నాకు ఫోన్ చేస్తే రానా" అని అరిచేదానివి. ఒక్కదాన్నే వెళ్ళాను, ఒక్కదాన్నే వచ్చాను. దారి తప్పలేదు.

చదివేవాళ్ళకు చెప్పాలి కదా. పండు మా అమ్మాయి. హైటెక్ సిటీలో ఉద్యోగం, పుప్పాలగూడలో ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. పోయినేడు వానల్లో జ్వరం వచ్చి, మళ్ళీ లేవలేదు. మా వైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా పొయ్యి మీద నూనె బాండ్లి పెట్టం, పిండివంట చేయం. ఏడాది తిరిగింది, సంవత్సరీకం కూడా అయింది. అయినా పొయ్యి మీద బాండ్లి పెట్టడానికి నాకు చేయి రాలేదు. అలా ఉండగా పండుతో ఒకే గదిలో ఉన్న హరిత ఫోన్ చేసింది.

"ఆంటీ, మురుకులు ఎన్ని దినాలుంటయి?"

"బాగా వేగినవైతే నెల ఉంటాయి బిడ్డా. ఏం, యాడన్నా కొన్నావా?"

కొనలేదంది. "పండు డబ్బా ఆంటీ. మీరు పంపింది, నా దగ్గర్నే ఉన్నది. మూతకు టేపేసి పెట్టిన, అప్పట్నుంచి తెరవలె. ఇప్పుడు నేను నార్సింగిల మా అక్క దగ్గరికి పోతున్న, గది ఖాళీ చెయ్యాలె. దాన్ని పారెయ్యనీకి నాతోని అయితలేదు."

"పారేయొద్దు. నేనొస్తాండా" అన్నాను. ఆ డబ్బా ఎలా ఉన్నది అలాగే ఇంటికి తెచ్చుకుని పండు బట్టల పక్కన పెట్టుకోవాలని నా ఆశ. అందుకే బయలుదేరాను. ఉత్త చేతులతో ఎలా వెళ్ళను? వేయించిన వంటకం చేయలేక, బియ్యం, మినప్పప్పు పట్టించి మురుకుల పిండి సంచిలో కట్టుకున్నాను. హరిత వాళ్ళక్క చేసుకుంటుందిలే అనుకున్నాను.

కర్నూలు బస్టాండులో పొద్దున ఆరు దాటాక బస్సు ఎక్కాను. టికెట్టు నాలుగు వందల లోపే. ఎడమ వైపు కూర్చోండి, ఎండ తక్కువ పడుతుంది అని చెబుదామనుకున్నా, కానీ నాకు దొరికింది కుడి వైపే. దారిలో టిఫిన్‌కి ఆపుతారు. అక్కడ ఇడ్లీ కన్నా ఇంటి నుంచి కట్టుకుపోయిన చిత్రాన్నమే మేలు. పుప్పాలగూడ వైపు వెళ్ళేవాళ్ళు సిటీ లోపలి బస్టాండు దాకా పోనక్కర్లేదు. ఆరాంఘర్‌లో దిగితే మెహదీపట్నానికి బస్సులున్నాయి, అక్కడ మణికొండ బస్సు పట్టుకోవాలి. అక్కడి సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదన్నారు కదా అని నేను ధైర్యంగా ఆధార్ కార్డు చూపించాను. కండక్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, గిది ఆంధ్రా కార్డు. ఈడ చెల్లది. టికెట్ తీస్కోవాలె."

"కార్డు యాడిదైతే ఏమి నాయనా, ఆడమనిషినే కదా" అన్నాను.

పక్కన కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు, నవ్వుతూనే టికెట్టు చింపి ఇచ్చాడు. "ఆ సంచిల ఏంది, సిమెంటా? గంత బరువున్నది" అన్నాడు. మురుకుల పిండి అన్నాను. "అయితే టికెట్ వద్దు, మురుకులియ్యి" అని ముందుకు పోయాడు. మణికొండలో దిగి షేర్ ఆటో ఎక్కితే ముప్పై రూపాయలకు హాస్టల్ సందు మొదట్లో దించాడు. పన్నెండు కాకముందే చేరాను.

హరిత సెలవు పెట్టి ఉంది. నన్ను చూసి కాళ్ళకు మొక్కబోతే లేపి భుజం పట్టుకుని చూశాను. సన్నబడింది. వంట చేసే రత్నం గారు తుని వైపు మనిషి. "రండి వదినగారూ, ముందు భోజనం చెయ్యండి, ఏడుపులూ పలకరింపులూ తర్వాత" అని కంచం పెట్టేశారు. బీరకాయ పప్పు, చారు. అతిథికి రాత్రి పడకతో కలిపి మూడు వందలు తీసుకుంటారు, ముందు రోజు చెప్పాలి.

భోజనం అయ్యాక హరిత అల్మారా పైనుంచి డబ్బా దించింది. మధ్యలో గోడ ఉన్న స్టీలు డబ్బా. ఒక పక్క మురుకులు, ఒక పక్క కజ్జికాయలు పోసి ఆఖరిసారి నేనే పంపాను. టేపు తీసి మూత ఎత్తగానే పాత నూనె వాసన గది అంతా కమ్మింది. మురుకులు మాత్రం చూడ్డానికి నిన్న చేసినట్టే ఉన్నాయి. అదే రంగు, అవే చుట్లు. హరిత ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఒక్కటి తింట ఆంటీ. పండుకని పంపినవి."

చేతి మీద ఒక్క దెబ్బేశాను. "కడుపునొప్పి తెచ్చుకుంటావా? పెట్టు దాంట్లో."

అప్పుడు చూశాను, రెండో పక్క ఖాళీ. కజ్జికాయ ఒక్కటి కూడా లేదు. అడుగున పుట్నాల పొడి, చక్కెర కొంచెం మిగిలి, అందులో వేలితో నాకిన గీతలు అలాగే ఉన్నాయి. డబ్బా పంపిన వారానికి పండు ఫోన్ చేసి, "తీపి నాకొద్దు మా, లావైపోతాండా. కజ్జికాయలన్నీ హాస్టల్లో పంచేసినా" అని చెప్పింది. అదే మాట హరితకు చెప్పాను.

"పంచిందా? ఎవరికి?" అంది హరిత. "నాకొక్కటి రాలె. రత్నమాంటీ, మీకిచ్చిందా?"

"నాకెక్కడిదమ్మా" అన్నారు రత్నం గారు గుమ్మంలో నిలబడి. "మీ అమ్మాయి నాకు మురుకు ముక్క చేతిలో పెట్టి, అదేనండి ఉన్నది అంది."

"దొంగ ముండ" అన్నాను. అనగానే నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. హరిత మంచం మీద పడి నవ్వింది. రత్నం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడాది పైన అయింది, నా బిడ్డ పేరు చెప్పుకుని నవ్వి. ఆఖరి రోజుల్లో తిన్నదో లేదో అని ఎన్ని పొద్దులు కుమిలానో. తిన్నది. దాచుకుని, గది తలుపేసుకుని, వేళ్ళు నాక్కుంటూ తిన్నది.

నవ్వు ఆగాక రత్నం గారు పిండి సంచి చూశారు. "ఇంత పిండి మోసుకొచ్చి మూటతో పాటే పంపించేస్తారా? నా దగ్గర జంతికల గొట్టం ఉంది. సాయంత్రం దాకా పొయ్యి ఖాళీయే."

"నేను బాండ్లి పెట్టి ఏడాది దాటిందమ్మా" అన్నాను.

"బాండీ నేను పెడతానండి. మీరు వత్తండి."

అయితే చేసినవి హరిత దేనిలో తీసుకుపోవాలి? ఆమెకున్న డబ్బా అదొక్కటే. పాత నూనె అంటిన డబ్బాలో కొత్తవి పోస్తే రెండు రోజుల్లో అవీ వాసన పట్టేస్తాయి. తోమాలి. తోమితే ఆ వేలి గీతలు పోతాయి. నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "ఆంటీ, ఫోటో తియ్యాల్నా?" అని హరిత మెల్లగా అడిగింది. వద్దన్నాను. ఆ గీతలో నా వేలు పెట్టి చూశాను, సరిగ్గా పట్టింది. నా బిడ్డ వేళ్ళు నావే. మురుకులు తడిచెత్త బుట్టలో నేనే ఒంపాను. బిడ్డ కడుపులోకి పోయిందే బిడ్డది, మిగిలింది ఉత్త పిండీ నూనే. సబ్బు పెట్టి రెండుసార్లు తోమి, హరితకిచ్చి మేడ మీద ఎండలో బోర్లించమన్నాను. నేనూ వెనకే వెళ్ళాను. ఎటు చూసినా అద్దాల మేడలే. "అగో, ఆ రెండు క్రేన్ల నడుమ కనిపిస్తున్నది చూడండి, అండ్లనే పండు పని చేసింది" అని చూపించింది.

కిందికి వచ్చి పిండి కలిపాను. వెన్న వేయాలని రత్నం గారు, కాగిన నూనె పోయాలని నేను. వెన్న వేస్తే గుల్లగా వస్తాయన్నారు. నూనె పోస్తే ఎక్కువ రోజులుంటాయన్నాను. చివరికి చెరో వాయి చేసి చూశాం, ఎవరిది వాళ్ళకే బాగుంది. మొదటి చుట్టు నూనెలో పడి పైకి తేలగానే రెండోది వత్తాను. నురగ పూర్తిగా ఆగాకే తీయాలి, లోపల తడి ఉంటే నాలుగు రోజులు కూడా ఆగవు. చల్లారబెట్టి ముందు హరిత డబ్బా నింపి మూత పెట్టాను. అది మంచిదయింది. ఆరున్నరకు ఆఫీసుల నుంచి వచ్చిన పిల్లలు చెప్పుల కాళ్ళతోనే వంటింట్లో దూరి, పళ్ళెంలో ఒక్క ముక్క మిగల్చలేదు. "ఆంటీ, రేపు కూడా ఉండండి" అని ఒకతె నా చేయి పట్టుకుంది. హరిత నాలుగు తిన్నది. నేను చూస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున బస్సెక్కినప్పుడు నా చేతిలో డబ్బా లేదు. అది నార్సింగి వెళ్ళింది. ఇంట్లో దాచుకోవాలని బయలుదేరిన మనిషిని, ఇచ్చేసి వచ్చాను. డబ్బా తోమినప్పుడు బిడ్డ పోతుందని భయపడ్డాను. పోలేదు. హరిత మురుకు కొరికినప్పుడు ఆ చప్పుడు విని నాకు కడుపు నిండింది. బస్సు షాద్‌నగర్ దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.

ప్రయాణానికి పిండివంటలు కట్టుకునేవాళ్ళకు ఒక్క మాట. వేడి మీద మూత పెట్టకండి, ఆవిరికి మెత్తబడతాయి. పూర్తిగా చల్లారాక పొడి డబ్బాలో నిండుగా పోస్తే మురుకులు నెల, పుట్నాల పొడి కజ్జికాయలు మూడు వారాలు బాగుంటాయి. పచ్చికొబ్బరి కజ్జికాయలు దూరం పంపొద్దు. వాసన మారితే ఎవరు చేసినవైనా పారేయండి. బాగున్నప్పుడే తినండి. బిడ్డలూ, ఎక్కడున్నా వేళకు కడుపు నిండా తినండి.